ఎముక నడుమకు నీటి దారి

(నెల్లూరులో ఇంజనీరింగ్, వైద్య విద్యార్థులు కలిసి ఏర్పాటు చేసుకున్న ఒక సాయంకాలపు సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఒక సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత మోసపోయామని అనుకోకండి. నేను ఎముకల డాక్టరును కాను. వైద్య విద్యార్థులు చాలామంది కనిపిస్తున్నారు. ఎముక గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. నేను నీళ్ల లెక్కలు వేసేవాణ్ణి. ఇసుకలో నీరు, మట్టిలో నీరు, పాతికేళ్లుగా ఇదే పని. ఆ నీళ్ల వెంట నడుచుకుంటూ పోతే ఒకరోజు ఎముక దగ్గర తేలాను.

ఈ బల్ల మీద రెండు సీసాలు పెట్టాను, చూడండి. అడుగు కోసేసిన మామూలు నీళ్ల సీసాలు. మూతికి పాత పంచె గుడ్డ కట్టి తలకిందులుగా నిలబెట్టాను. ఒకదానిలో పెన్నా ఇసుక. నిన్న సాయంత్రం నాలుగు దోసిళ్లు తెచ్చుకున్నాను. ఇసుక వ్యవహారం కదా, బయట చెప్పకండి. రెండోదానిలో ఒంగోలు వైపు నుంచి తెప్పించిన నల్లరేగడి. బాగా ఎండబెట్టి, పొడికొట్టి నింపాను. కింద చెరొక గ్లాసు. ముందు వరుసలో ఉన్న అమ్మాయీ, నువ్వు రామ్మా. రెండు సీసాల్లోనూ ఒకేసారి నీళ్లు పోయాలి. పోశావా? ఇక ఆ పక్కనే కూర్చుని గ్లాసుల వంక చూస్తూ ఉండు. చుక్క పడగానే చెయ్యెత్తు. నా మాట మధ్యలో అయినా సరే.

ఎముకకూ నీటికీ ఉన్న సంబంధం మన ప్రాంతానికి కొత్తగా చెప్పాలా? 1937లో షార్ట్ అనే వైద్య శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ఒక వ్యాసం ప్రకటించారు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము వంగక, మెడ తిరగక బాధపడుతున్న మనుషుల గురించి. తాగే నీటిలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఎముకల ఫ్లోరోసిస్ మన దేశంలో వైద్యలోకం దృష్టికి వచ్చింది అలా. అప్పటి నెల్లూరు జిల్లా అంటే కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ అందులోనివే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో కదా. మా నాయనమ్మది కనిగిరి వైపు పల్లె. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఆమె తల తిప్పి చూసేది కాదు, మనిషి మొత్తం తిరిగేది. చిన్నప్పుడు నేను అది ఆమె ఠీవి అనుకునేవాణ్ణి.

ఏమ్మా? పడిందా? ఇసుక సీసాలో. అప్పుడే ధార కడుతోందా. సరే, రాసుకో.

ఇప్పుడు మీరు నాయనమ్మ సంగతి కాసేపు పక్కన పెట్టి, ఆ ఫ్లోరైడు సంగతి ఆలోచించండి. ఎముకలోని ఖనిజం హైడ్రాక్సీ అపటైట్. అందులో హైడ్రాక్సిల్ ఉన్న చోట ఫ్లోరైడు వచ్చి కూర్చుంటుంది. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్నదే. నాకు వచ్చిన అనుమానం వేరు. రాయిలా కనిపించే ఎముక లోపలి దాకా అది ఎలా వెళ్లింది? వెళ్లిందంటే దారి ఉండాలి కదా? ఉంది. గట్టి ఎముకలో కూడా రక్తనాళాలు పోయే సొరంగాలు ఉన్నాయి. వాటి చుట్టూ చిన్న చిన్న గూళ్లలో ఆస్టియోసైట్లనే కణాలు కూర్చుని ఉంటాయి. గూటికీ గూటికీ మధ్య ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు, కూడా లేని సన్నటి కాలువలు. మనం అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా ఎముక రవ్వంత వంగుతుంది, ఆ కాలువల్లో నీరు ఇటూ అటూ కదులుతుంది. అంటే మీరు ఇవాళ ఈ హాలు దాకా నడిచి వచ్చారంటే, దారి పొడుగునా మీ ఎముకల్లో తడి పెట్టుకుంటూ వచ్చారన్న మాట.

ఇక అసలు విషయం. చిన్న విరుపైతే ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. రోడ్డు ప్రమాదంలో ఎముక ముక్క పోయిందనుకోండి, గడ్డ తీసేశాక పెద్ద ఖాళీ మిగిలిందనుకోండి, అది పూడదు. అప్పుడు సర్జన్లు ఏం చేస్తారు? తుంటి ఎముక అంచు నుంచి కొంత తీసి అక్కడ పెడతారు. పని చేస్తుంది. కానీ ఒక గాయాన్ని మాన్పడానికి రెండో గాయం చేయాలి, పైగా తుంటిలో ఉన్నదే కొంచెం. అందుకని పుట్టిన ఆలోచన ఇది: సందుల సందులుగా ఉండే ఒక దిమ్మె తయారుచేసి, అందులో రోగి మూలకణాలు చల్లి, బయట కొన్ని వారాలు పెంచి, ఖాళీలో అమర్చడం. 1993లో లాంగర్, వకాంటి అనే ఇద్దరు సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ రంగానికి టిష్యూ ఇంజనీరింగ్ అన్న పేరు స్థిరపడింది. దిమ్మెను స్కాఫోల్డ్ అంటారు, మన మాటలో పరంజా. ఊళ్లో మేస్త్రీలు సరుగుడు కర్రలతో కట్టేదే. తేడా ఒక్కటే, మేస్త్రీ పని అయ్యాక విప్పుకుని పోతాడు. ఇది మెల్లగా కరిగిపోయి ఎముకకు చోటు ఇవ్వాలి. ఎలా ఉంటుందో ఊహించుకోవాలంటే ఎండిన నేతిబీర పీచును తలచుకోండి. మన కీళ్ల దగ్గరి మెత్తటి ఎముక కూడా దాదాపు అలాగే ఉంటుంది, అందులో సగం నుంచి తొంభై శాతం దాకా ఖాళీయే.

దిమ్మె చేశారు, కణాలు చల్లారు, పోషక ద్రవంలో ముంచి పెట్టారు. కొన్ని వారాలయ్యాక కోసి చూస్తే ఏముంది? అంచున బెరడు లాగా బతికిన కణాలు. నడుమ చచ్చినవి. చుట్టూ కావలసినంత ఆహారం ఉంది, మరి ఎందుకు చచ్చాయి?

రొయ్యల చెరువులున్న ఇళ్లవాళ్లు ఎవరైనా ఉన్నారా? విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు వాళ్లు? ఆ, చేతులు లేస్తున్నాయి. తెల్లవారుజామున కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయనుకోండి, ఇంట్లో ఏం జరుగుతుంది? జనరేటరు కోసం పరుగు. ఎందుకు పరుగు? చెరువులో మేత అయిపోయిందనా? మేత ఉంటుంది. అయిపోయేది ఆక్సిజన్. ఈ దిమ్మెలో జరిగేదీ అదే. పోషక ద్రవంలో గ్లూకోజు లీటరుకు ఒక గ్రాము అయినా వేస్తారు. అదే లీటరులో, మన ఒంటి వేడి దగ్గర, గాలి నుంచి కరిగే ఆక్సిజన్ ఆరేడు మిల్లీగ్రాములు. మీ చెరువు భాషలో ఆరేడు పీపీఎం. రక్తానికైతే హిమోగ్లోబిన్ ఉంది, సుమారు నలభై రెట్లు ఎక్కువ మోసుకెళ్తుంది. ఈ ద్రవానికి ఆ భాగ్యం లేదు. కనుక ఈ రంగంలో లెక్క వేసేవాడు మొట్టమొదట ఆక్సిజన్ లెక్క వేస్తాడు. అది కుదిరితే మిగతావి చాలావరకు వాటంతట అవే కుదురుతాయి.

నిలవ నీటిలో ఆక్సిజన్ ఎలా ప్రయాణిస్తుంది? విసరణతో. తాగినవాడి నడక లాంటిది అది. నాలుగడుగులు ముందుకు, మూడడుగులు పక్కకు. దూరం రెట్టింపైతే సమయం నాలుగింతలవుతుంది. చిన్న లెక్క వేద్దాం. ఆక్సిజన్‌కు వంద మైక్రాన్లు, అంటే ఇంచుమించు ఒకటిన్నర వెంట్రుకల మందం దాటడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. అదే ఒక సెంటీమీటరు దాటాలంటే? వందరెట్ల దూరం, కనుక పదివేల రెట్ల సమయం. నాలుగున్నర గంటలు! మధ్యలో ఆకలితో ఉన్న కణాలు ఊరుకుంటాయా? దారిలోనే లాక్కుంటాయి. మన శరీరంలో చాలా కణాలకు వంద, రెండు వందల మైక్రాన్ల లోపలే ఒక రక్తనాళం ఉండడం ఊరికే కాదు.

సరే, నీరు తనంతట తాను పోకపోతే మనమే తోద్దాం. దిమ్మెను ఒక గొట్టంలో బిగించి, చిన్న పంపు పెట్టి, పోషక ద్రవాన్ని దాని గుండా నెట్టడం. దీన్ని పర్ఫ్యూజన్ బయోరియాక్టర్ అంటారు. సందుల్లో నీరు సెకనుకు వంద మైక్రాన్లు కదిలినా చాలు, సెంటీమీటరును నూరు సెకన్లలో దాటేస్తుంది. నాలుగున్నర గంటలెక్కడ, నూరు సెకన్లెక్కడ!

ఎంత నెడితే ఎంత పోతుంది? ఈ లెక్క చెప్పినవాడు వైద్యుడు కాడు, నాలాగే నీళ్లవాడు. హెన్రీ డార్సీ, ఫ్రాన్సులో దిజోన్ పట్టణం ఇంజనీరు. ఊరికి మంచినీళ్లు తెచ్చిన మనిషి. 1856లో ఊరి నీటి సరఫరా గురించి వేసిన లావుపాటి గ్రంథానికి అనుబంధంగా, నిలువు గొట్టంలో ఇసుక నింపి నీరు వదిలిన ప్రయోగాల వివరం ఇచ్చాడు. పైనా కిందా నీటి మట్టాల తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, ఇసుక మందం పెరిగితే తగ్గుతుంది, మిగిలిందంతా ఆ ఇసుక గుణం. అంతే సూత్రం. ఆ ప్రయోగాలు ఎక్కడ చేశాడో తెలుసా? దిజోన్ ఆస్పత్రి ఆవరణలో. అక్కడి ఇసుక గొట్టం మళ్లీ ఆస్పత్రి పనికే వస్తుందని పాపం ఆయనకు తెలియదు.

ఆ "ఇసుక గుణం" దగ్గర మనం ఆగాలి. నా ప్రసంగమంతా నిజానికి అక్కడే ఉంది. మీకొక ప్రశ్న. ఈ రెండు సీసాల్లో దేనిలో ఖాళీ ఎక్కువ? ఇసుకలోనా, రేగడిలోనా? ఇసుక అంటున్నారు. అందరూ ఇసుకేనా? తప్పు. ఇసుకలో సాధారణంగా మూడో వంతు అటూ ఇటూగా ఖాళీ. బంకమట్టిలో సగం దాకా ఉండవచ్చు. ఖాళీ ఎక్కువున్న దానిలోంచి నీరు పోవడం లేదు, తక్కువున్న దానిలోంచి ధార కట్టింది. ఖాళీ ఎంత ఉందన్నదాన్ని పుస్తకాల్లో సచ్ఛిద్రత అంటారు, నీటిని ఎంత సులువుగా పోనిస్తుందన్నదాన్ని పారగమ్యత. రంధ్రం వేరు, దారి వేరు. పెన్నలో చెలమ తవ్వితే నీరు ఊరినట్టు రేగడి చేలో గుంత తవ్వితే ఊరుతుందా? పారగమ్యత సందు వెడల్పుకు వర్గంగా పెరుగుతుంది. సందు పదోవంతయితే పారగమ్యత నూరోవంతు. రేగడి రేణువు ఇసుక రేణువులో ఎన్నో వంతో ఆలోచించండి.

చాలా వ్యాసాల్లో "మా దిమ్మెలో ఎనభై అయిదు శాతం ఖాళీ ఉంది" అని గర్వంగా రాస్తారు. నాకు చిరాకు. ఆ ఒక్క అంకె చూసి నీటి సంగతి ఎవరికి తెలుస్తుంది?

దిమ్మెలు చేసే పాత పద్ధతి ఒకటి చెబితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఇసకపల్లి ఉప్పు కొటార్లు చూశారు కదా? ఆ ఉప్పే, జల్లించి ఒకే పరిమాణంలోకి తెచ్చిన గింజలు, కరిగించిన ప్లాస్టిక్ లాంటి పదార్థంలో కలుపుతారు. అది గట్టిపడ్డాక నీళ్లలో వేస్తే ఉప్పు కరిగిపోతుంది, గింజ ఉన్నచోట గది మిగులుతుంది. గింజ మూడు వందల మైక్రాన్లయితే గదీ అంతే. ఎముకకు కనీసం వంద మైక్రాన్లు కావాలి, మూడు వందలు దాటితే రక్తనాళాలకు కూడా అనువు అని చెబుతారు. బాగుంది. కానీ గదికీ గదికీ మధ్య తలుపు ఎంత? గింజా గింజా తాకిన మేరకే తలుపు. ఉప్పు తక్కువ వేశారా, గింజలు తాకవు; తలుపుల్లేని గదులు. గది పెద్దదే, తలుపు యాభై మైక్రాన్లదైతే నీటి కథ తలుపు దగ్గరే తేలిపోతుంది. సన్నటి గొట్టంలో వ్యాసం సగమైతే, అదే ఒత్తిడికి ప్రవాహం పదహారోవంతుకు పడిపోతుంది. ఇప్పుడు త్రీడీ ప్రింటర్లు వచ్చాక తలుపులు మనమే కొలిచి పెట్టుకోవచ్చు. జైరాయిడ్ అనే వంపుల ఆకృతి ఒకటి బాగా వాడుతున్నారు, 1970లో అలన్ షోన్ నాసాలో ఉండగా వర్ణించినది. మూల అనేదే లేకుండా వంపులు తిరుగుతుంది కనుక నీరు నిలిచిపోయే చోట్లు తక్కువ.

చెయ్యెత్తావు, చెప్పమ్మా. రేగడి సీసాలోంచి కూడా పడుతోందా? ఎన్ని చుక్కలు? పది, పన్నెండా? ఇంతసేపూ నేను చెప్పినదంతా అబద్ధమైపోయిందే! నవ్వకండి, నవ్వకండి. దగ్గరికి వచ్చి చూడనివ్వండి. ఆ... చూశారా, మట్టి మధ్యలోంచి రావడం లేదు. సీసా గోడకూ మట్టికీ మధ్య సందు ఉంది, అటుగా జారుతోంది. అడ్డదారి పట్టింది.

ఇది నేను అనుకుని పెట్టింది కాదు. కానీ దీని గురించే నాకొక పాత అవమానం ఉంది, సందర్భం వచ్చింది కనుక చెబుతాను. చాలా ఏళ్ల కింద ఒక ప్రయోగశాల వాళ్లకు నేను లెక్క వేసి ఇచ్చాను. సెంటీమీటరు వ్యాసమున్న బిళ్ల, ఇంత నీరు నెట్టండి, నడుమ ఆక్సిజన్‌కు లోటుండదు అని. రంగురంగుల బొమ్మలు కూడా గీసి ఇచ్చాను. వాళ్లు మూడు వారాలు పెంచి కోసి చూస్తే నడుమ మళ్లీ చచ్చిన కణాలే. నా సమీకరణాలు నాలుగుసార్లు తిరగేశాను. తప్పు లేదు. చివరికి వెళ్లి గొట్టంలో బిళ్లను వేలితో తాకితే కదిలింది. చుట్టూ అయిదోవంతు మిల్లీమీటరు సందు. అంతే కదా అనుకుంటారు. లెక్క వేస్తే ఆ సందులోంచే నాలుగింట మూడు వంతుల నీరు పోతోంది. నా కాగితం మీద బిళ్లకూ గొట్టానికీ మధ్య సందు లేదు. నేను గీయలేదు కనుక లేదు. సమీకరణం తప్పలేదు, గోడ దగ్గర ఏం జరుగుతుందో అడగకపోవడం తప్పింది. ఇలాంటి యంత్రాల్లో బిళ్లను బిగుతుగా నొక్కి పట్టే చట్రాలు వాడడానికి కారణం ఇదే.

లెక్క ఎలా వేస్తారో కూడా కొంచెం చెప్పాలి, ఇంజనీరింగ్ వాళ్లు అందుకే వచ్చారు. రెండు దారులున్నాయి. సోమశిల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదలాలో తేల్చే అధికారి ప్రతి పొలం గట్టునూ చూడడు. ఆయకట్టు మొత్తాన్ని ఒక ముద్దగా తీసుకుంటాడు. అలా దిమ్మె మొత్తాన్ని ఒకే పారగమ్యత ఉన్న ముద్దగా తీసుకుంటే డార్సీ సూత్రం చాలు. అంచుల దగ్గర, నీరు బయటి ఖాళీలోంచి దిమ్మెలోకి దిగే చోట, 1947లో బ్రింక్‌మన్ చేర్చిన సవరణ పనికొస్తుంది. రెండో దారి, పిల్లకాలువ పిల్లకాలువనా గట్టు మీద నడవడం. దిమ్మెను మైక్రో సీటీ స్కాన్ తీసి, ప్రతి సందునూ కంప్యూటర్‌లో కట్టి, నీటి కదలికను వర్ణించే నేవియర్–స్టోక్స్ సమీకరణాలను సాధించడం. దీనికి రోజులు పట్టవచ్చు. నా పద్ధతి ఏమిటంటే, చిన్న ముక్కను రెండో దారిలో చూసి, దాని పారగమ్యత తెలుసుకుని, మొత్తానికి మొదటి దారి పట్టడం. మొదలుపెట్టేముందు చేతితో రెండు అంకెలు చూసుకోండి. సెకనుకు వంద మైక్రాన్ల వేగం, మూడు వందల మైక్రాన్ల సందు అనుకుంటే రేనాల్డ్స్ సంఖ్య 0.03 దగ్గర ఉంటుంది. అంటే సుడులుండవు, తేనె జారినట్టు మర్యాదగా పోతుంది, డార్సీ చెల్లుతుంది. పెక్లే సంఖ్య 10 దగ్గర. అంటే ఆక్సిజన్‌ను విసరణ కన్నా ప్రవాహమే ఎక్కువ మోస్తోంది. ఆ తర్వాత కణాలు ఎంత తింటాయన్న పదం కలపాలి. 1913 నాటి మైకేలిస్–మెంటెన్ సూత్రం అందుకు వాడతారు: ఉన్నప్పుడు తృప్తిగా తింటాయి, కరువు వస్తే తగ్గించుకుంటాయి.

మరి గట్టిగా నెట్టేస్తే పోలేదా? పోదు. నీరు కణాన్ని రాసుకుంటూ పోతుంది, ఆ ఒరిపిడి ఎక్కువైతే కణం ఊడి కొట్టుకుపోతుంది. అలాగని ఒరిపిడి లేకపోతే ఎముక కణానికి తాను ఎముకనన్న సంగతే గుర్తుండదు. వాడితే పెరగడం, వాడకపోతే కరగడం దాని తత్వం. 1892లోనే యూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ సర్జన్ చెప్పాడు. మన పక్కనే శ్రీహరికోట ఉంది కనుక అడుగుతున్నాను, అంతరిక్షంలో నెలల తరబడి ఉన్నవారికి బరువు మోసే ఎముకల్లో సాంద్రత నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం తగ్గుతుందని తెలుసా? ఇందాకటి అంకెలతోనే లెక్క వేస్తే మన దిమ్మెలో ఒరిపిడి రెండు మిల్లీ పాస్కల్‌లు వస్తుంది. ఒక మిల్లీమీటరు లోతు నీటి అడుగున ఉండే పీడనంలో అయిదు వేలవ వంతు. అంత సున్నితమైన తాకిడికి కూడా కణం స్పందిస్తుంది. వేగం పదింతలు చేస్తే ఒరిపిడీ పదింతలు. కనుక ఊపిరాడేంత వేగం, ఊడిపోనంత మెల్లన. ఈ రెండింటి మధ్య కిటికీ ఎక్కడుందో వెతకడమే ఈ లెక్కలన్నిటి పని.

ఇందులో ఒక చిక్కు మిగిలింది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కణాలు పెరుగుతాయి. పెరగాలనే కదా మన తాపత్రయం! పెరిగినకొద్దీ గోడలకు పొర కడతాయి, తలుపులు సన్నబడతాయి. గుర్రపుడెక్క పట్టిన కాలువలో నీరు ఎలా మందగిస్తుందో అలా. మొదటి రోజు వేసిన లెక్క ఇరవయ్యో రోజుకు చెల్లదు. మరోపక్క దిమ్మె పదార్థం కరుగుతూ కొత్త సందులు తెరుస్తుంది. పైగా అదే పంపు అదే పరిమాణంలో నీరు తోస్తుంటే, దారి సన్నబడినకొద్దీ వేగం పెరుగుతుంది, ఒరిపిడి పెరుగుతుంది. అందుకని పారగమ్యతను రోజురోజుకూ మార్చుకుంటూ పోయే నమూనాలు కడుతున్నారు. ఇంకొకటి, దిమ్మెను శరీరంలో అమర్చాక అక్కడ పంపు ఉండదు. రక్తనాళాలు పాకి వచ్చేదాకా నడుమ కణాలు తట్టుకోవాలి. సర్జన్లు కాబోయేవాళ్లు ఈ ప్రశ్న మమ్మల్ని నిలదీసి అడగాలి. మేము బొమ్మలు చూపించి మురిపిస్తాము, మీరు మురిసిపోవద్దు.

మా నాయనమ్మ సంగతి మధ్యలో వదిలేశాను. ఇది ఫ్లోరోసిస్‌కు మందా అని ఎవరో చీటీ పంపారు. కాదు. దానికి మంచినీళ్లే మందు, పైపు వేసి ఇచ్చే మంచినీళ్లు.

ఇక రేగడి సీసా ఏమంటోందమ్మా? చుక్కలు ఆగిపోయాయా? మొత్తం ఎన్ని? నలభై ఒకటి. తర్వాత ఒక్కటీ లేదు. తడిసిన రేగడి ఉబ్బి, గోడ పక్కన సందును తానే పూడ్చుకుంది. పైన నీళ్లు ఇంకా అంగుళంన్నర నిలిచి ఉన్నాయి. దీన్ని ఇలాగే మీ హాస్టల్‌కు తీసుకుపో. ఆ నలభై ఒక్క చుక్కలూ పారబోసి, ఖాళీ గ్లాసు పెట్టి, రేపు ఇదే వేళకు ఎంత దిగిందో కొలిచి నాకు ఫోను చెయ్యి. సీసా పైనా గ్లాసు చుట్టూ కూడా పాలిథీన్ కాగితం కట్టడం మరిచిపోకు. లేకపోతే మన నెల్లూరు ఎండ తాగేసిన నీటిని కూడా మట్టి ఖాతాలో రాసేస్తాము.